అమ్మాయి తాత్పర్యం రాస్తోంది, టీచర్ వ్యాఖ్య అడుగుతోంది

ప్రశ్న: మేం డిసెంబరులో హైదరాబాద్ నుంచి డల్లాస్ పక్క ఊరికి వచ్చాం. మా అమ్మాయి అక్కడ తొమ్మిదో తరగతి సగం చదివి, ఇక్కడ జనవరిలో నైన్త్ గ్రేడ్ రెండో సెమిస్టర్‌లో చేరింది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. ఇంగ్లీషులో ఎప్పుడూ 90కి తగ్గలేదు. ఇక్కడ రాసిన మొదటి పేరాగ్రాఫ్‌కే 62 వేశారు. తప్పులేమీ దిద్దలేదు, పక్కన ‘సో వాట్?’ అని మాత్రం రాశారు. వరల్డ్ జాగ్రఫీలోనూ ఇదే వరస. ‘టీచర్‌కి ఏం కావాలో నాకు తెలియట్లేదు నాన్నా’ అంటోంది. పైగా చేరగానే ఇంగ్లీషు వచ్చా రాదా అని పరీక్ష పెట్టారు, దానికి చిన్నబుచ్చుకుంది. గ్రామర్ ట్యూషన్ పెట్టించాలా? జాగ్రఫీని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు) క్లాసుకి మార్పించాలా?

సమాధానం:

ముందు నా సంగతి చెప్పుకుంటాను, ఏ అర్హతతో మాట్లాడుతున్నానో మీకు తెలియాలి కదా. గుంటూరు జిల్లాలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. టెక్సస్ వచ్చాక ఇక్కడి టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకుని పద్నాలుగేళ్ళుగా ఒక పబ్లిక్ హైస్కూల్లో ఇంగ్లీష్ వన్, ఇంగ్లీష్ టూ (మామూలుగా తొమ్మిది, పది గ్రేడ్ల ఇంగ్లీషు) చెబుతున్నాను. మీ అమ్మాయి నిన్నటిదాకా రాసిన రకం పేపర్లూ కట్టలకొద్దీ దిద్దాను, రేపట్నుంచి రాయాల్సిన రకమూ దిద్దుతున్నాను. ‘సో వాట్?’ అని నేనూ రాస్తుంటాను. అందులో వెటకారం లేదు. ‘నువ్వు చెప్పింది బాగానే ఉంది, దాన్నిబట్టి నీకేం తోచిందో కూడా చెప్పు’ అని దానర్థం. రోజుకి నూటయాభై పేపర్లు చూసేటప్పుడు అంత పొడుగు వాక్యం రాసే ఓపిక ఉండదు.

మీ అమ్మాయి పేపరు చూడకుండానే అందులో ఏముందో చాలావరకు చెప్పగలను. కథలో జరిగిందంతా వరసగా, శుభ్రంగా, స్పెల్లింగు తప్పుల్లేకుండా రాసి ఉంటుంది. చివర్న ఒక నీతివాక్యం. మనవైపు అయితే దానికి పదికి తొమ్మిది వేసి ‘గుడ్’ అని రాసేదాన్ని. మన తెలుగు వాచకం భాషలో చెప్పాలంటే ఆ పిల్ల తాత్పర్యం రాసింది. ఇక్కడ అడిగింది వ్యాఖ్య.

మీరు పదో తరగతిలో సందర్భ సహిత వ్యాఖ్యలు రాసే ఉంటారు. ‘ఈ వాక్యము ఫలానా కవి రచించిన ఫలానా పాఠ్యభాగము నుండి గ్రహింపబడినది’ అని మొదలుపెట్టి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చెప్పి, ఆ తర్వాత వివరణ. ఇక్కడి ఇంగ్లీష్ క్లాసులో పేరాగ్రాఫ్ అచ్చంగా ఆ చట్రమే. ఒక అభిప్రాయం చెప్పు, దానికి పుస్తకంలోంచి ఒక వాక్యం చూపించు, ఆ వాక్యం నీ అభిప్రాయాన్ని ఎలా నిలబెడుతుందో వివరించు. క్లెయిమ్, ఎవిడెన్స్, కామెంటరీ అని పేర్లు పెట్టారు, అంతే. మన పిల్లలకి కొత్తగా నేర్పాల్సిన చట్రం ఏమీ లేదు. తేడా ఎక్కడంటే, మన వ్యాఖ్యల్లో వివరణ గైడులో ముందే తయారుగా ఉండేది. క్లాసులో అరవైమందీ అదే వివరణ రాసేవాళ్ళం. ఇక్కడ ఇద్దరు పిల్లలు ఒకే వివరణ రాస్తే టీచర్‌కి అనుమానం వస్తుంది.

అలాగని తోచింది రాసెయ్యమనీ కాదు. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం మొదలుపెడుతూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే నియమం పెట్టుకున్నాడు. అయిదారు వందల ఏళ్ళనాటి మాట. నేను నా క్లాసులో టెక్సాస్ పిల్లలకి ఆగస్టులో చెప్పేదీ దాదాపు అదే: పుస్తకంలో వేలు పెట్టి చూపించలేనిది రాయకు, నీ వాదనకి పనికిరానిది రాయకు. వాళ్ళకి మల్లినాథుడి పేరు చెప్పను గానీ మీ అమ్మాయికి మీరు చెప్పొచ్చు.

ఒక ఉదాహరణ చూపిస్తాను, ఇది పట్టుబడితే మిగతాదంతా తేలిక. నైన్త్ గ్రేడ్‌లో చాలాచోట్ల స్ప్రింగ్ సెమిస్టర్‌లో రోమియో జూలియట్ నాటకం చెబుతారు. మీ వాళ్ళకీ వస్తుందని అనుకోండి. ‘ఈ ఇద్దరి చావుకీ ఎవరు బాధ్యులు?’ అన్నది ప్రతి ఏడూ వేసే ప్రశ్న. మనవైపు నుంచి వచ్చిన పిల్ల ఏం రాస్తుంది? రెండు కుటుంబాలకీ పగ ఉంది, రోమియో విందుకి వెళ్ళాడు, జూలియట్‌ని చూశాడు, రహస్యంగా పెళ్ళయింది, ఇద్దరూ చనిపోయారు, కాబట్టి పగలు మంచివి కావు. ఇందులో ఒక్క తప్పూ లేదు. అందుకే టీచర్ దిద్దలేదు. దిద్దడానికి ఏముంది?

ఇప్పుడు వ్యాఖ్య రాద్దాం. ముందు ఒక అభిప్రాయం కావాలి, అవతలివాడు కాదనగలిగేది. ‘పగ కంటే తొందరపాటే వాళ్ళని చంపింది’ అందాం. సాక్ష్యం? రెండో అంకం మూడో రంగంలో రోమియో పెళ్ళికి తొందరపడుతుంటే లారెన్స్ అనే సన్యాసి అంటాడు: తెలివిగా, నెమ్మదిగా వెళ్ళు, పరుగెత్తేవాళ్ళే తూలిపడతారు అని. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘దీన్నిబట్టి తొందరపాటు మంచిది కాదని తెలుస్తోంది’ అని రాస్తారు. మళ్ళీ తాత్పర్యమే. దాని పక్కనే ‘సో వాట్?’ పడుతుంది.

ఆ మాట అన్న పెద్దమనిషి ఏం చేశాడో చూడమనండి. నెమ్మదిగా ఉండమని పొద్దున చెప్పి, అదే మధ్యాహ్నం ఇద్దరికీ పెళ్ళి చేసేశాడు. ముందు రాత్రి దాకా ఈ రోమియో రోజలిన్ అనే ఇంకో అమ్మాయి కోసం కుమిలిపోతున్నాడని తెలిసి కూడా. చెప్పేవి శ్రీరంగనీతులు అంటామే, అదీ ఈయన సంగతి. ఇంకా ముందుకి వెళ్తే చివరి అంకంలో ఆయనే చీకట్లో శ్మశానానికి పరుగున వస్తూ సమాధులకి తట్టుకుని తూలిపడ్డానని తన నోటితో అంటాడు. రెండో అంకంలో హెచ్చరికగా అన్నమాట అయిదో అంకంలో ఆయన కాళ్ళకే చుట్టుకుంది. అంటే ఈ నాటకంలో తొందరపాటు కుర్రకారు జబ్బు మాత్రమే కాదు, బుద్ధి చెప్పాల్సిన పెద్దల్ని కూడా పట్టింది. మీ అమ్మాయి ఈ చివరి రెండు వాక్యాలు తన ఇంగ్లీషులో, అక్కడక్కడా ఆర్టికల్ తప్పినా సరే, రాయగలిగితే నేను 62 వెయ్యను. ఇంకా ఉత్సాహం ఉంటే ఒక ముక్క చేర్చుకోవచ్చు: షేక్‌స్పియర్‌కి ఆధారమైన ఆర్థర్ బ్రూక్ దీర్ఘకవితలో (1562) ఈ కథ నెలల తరబడి నడుస్తుంది, షేక్‌స్పియర్ దాన్ని అయిదు రోజుల్లోపు కుక్కాడు. తొందర కథలోనే కాదు, కథనంలోనూ ఉందన్నమాట.

ఇంట్లో చేయించాల్సిన సాధన కూడా ఇదే. పేరాగ్రాఫ్ రాశాక ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో ‘తా’ అనో ‘వ్యా’ అనో గుర్తు పెట్టమనండి. జరిగింది చెబితే తా, దాన్నిబట్టి తనకి తోచింది చెబితే వ్యా. మొదట్లో పదికి తొమ్మిది ‘తా’లు వస్తాయి. సగం ‘వ్యా’లు అయ్యేదాకా తిరగరాయమనండి. నా స్టూడెంట్ ఒకమ్మాయి, కర్నూలు నుంచి వచ్చింది, ఈ పద్ధతితో మూడు వారాల్లో దార్లో పడింది. ఆమె చాలాకాలం గుర్తులు తెలుగులోనే పెట్టుకునేది, పక్కన కూర్చునే మెక్సికో పిల్లాడు అవేమిటో నేర్చుకుని తనూ పెట్టేవాడు.

ఇక గ్రామర్ ట్యూషన్. నా మాట వినండి, ఆ డబ్బు మిగుల్చుకోండి. ఏప్రిల్‌లో మీ అమ్మాయి స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఇంగ్లీష్ వన్‌కి రాయాలి. అందులో పెద్ద వ్యాసం దిద్దే కొలత అయిదు పాయింట్లు. ఆలోచన, అమరిక, ఆధారాలకి మూడు, వ్యాకరణం, స్పెల్లింగు, విరామ చిహ్నాలు అన్నిటికీ కలిపి రెండు. ఇంకో సంగతి: మొదటి దాంట్లో సున్నా వస్తే రెండో దాంట్లోనూ సున్నాయే. ఎంత మచ్చలేని ఇంగ్లీషు రాసినా చెప్పే విషయం లేకపోతే ఏమీ రాదన్నమాట. మన పిల్లలకి ఆ రెండు పాయింట్లు ఎలాగూ వస్తాయి. ట్యూషన్ సెంటర్లవాళ్ళు అమ్మేదీ ఆ రెండే.

భాషలో సవరించుకోవాల్సినవి లేకపోలేదు గానీ అవి ట్యూషన్‌కి వెళ్ళేంతవి కావు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకి సందేహం, ఇక్కడి టీచర్‌కి ‘మీరు చెప్పింది నేను నమ్మను’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనమనండి. ఈమెయిల్లో ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ వద్దు. మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఆ ముక్క పట్టుకుని నా దగ్గరికొచ్చి ‘నన్నేం చెయ్యమంటున్నారు?’ అని అడిగాడు. నిజమే, అందులో ఏం చెయ్యాలో లేదు మరి.

చేరగానే పెట్టిన పరీక్ష గురించి. మీరు చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం నింపి ఉంటారు. దాంట్లో ఇంగ్లీషు కాక ఇంకో భాష రాస్తే ఎవరికైనా ఆ పరీక్ష పెట్టాల్సిందే, అది రాష్ట్రం రూలు. మీ అమ్మాయిని చూసి అనుమానించి పెట్టింది కాదు. కొందరు మనవాళ్ళు ఈ గొడవెందుకని ఆ కాగితంలో ‘ఇంగ్లీష్’ అని రాసేస్తారు. అబద్ధం రాయకండి. ఒకవేళ పరీక్షలో సహాయం కావాలని తేలినా అది శిక్షేమీ కాదు. చాలా స్కూళ్ళలో ఆ పిల్లలు అందరితోపాటు అదే ఇంగ్లీష్ వన్ క్లాసులో కూర్చుంటారు, ఆ టీచర్‌కి అదనపు శిక్షణ ఉంటుంది, అంతే. మన పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా మాట్లాడే భాగంలో. బొమ్మ చూపించి చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. అడిగినదానికంటే ఎక్కువ మాట్లాడితే మనదగ్గర వాగుడుకాయ అంటారు కదా!

ఈ మాట్లాడటం అన్నది క్లాసులోనూ వస్తుంది. సోక్రటిక్ సెమినార్ అని పెడతారు. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని టీచర్ జోక్యం లేకుండా పుస్తకం గురించి చర్చించాలి, దానికి గ్రేడు ఉంటుంది. మొదటిసారి మన పిల్లలు నోరు విప్పరు. జవాబు తెలియక కాదు, ఎవరూ పేరు పెట్టి లేపలేదు కాబట్టి. దీనికో ఉపాయం ఉంది. ముందురోజు రాత్రి పేజీ నంబరుతో సహా ఒక వాక్యం, ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్ళమనండి. మొదటి పది నిమిషాల్లోనే ఆ ప్రశ్న వేసెయ్యాలి. ఆలస్యమైనకొద్దీ గుండె దడ పెరుగుతుంది, పైగా తను అనుకున్నది ఇంకెవరో అనేస్తారు. టీచర్‌తో విభేదించడం కూడా ఇక్కడ అమర్యాద కాదు. పుస్తకం చూపించి విభేదిస్తే నాకు ఆ రోజంతా సంతోషం.

జాగ్రఫీకి వద్దాం. ఏపీ అంటే మనకి ఒకటే గుర్తొస్తుంది, అందుకే కాబోలు మనవాళ్ళకి ఆ రెండక్షరాల మీద అంత మమకారం. తొమ్మిదో గ్రేడ్‌లో ఏపీ హ్యూమన్ జాగ్రఫీ తీసుకుంటే జీపీఏకి బరువు పెరుగుతుందని ఎవరో చెప్పి ఉంటారు. జనవరిలో మాత్రం మార్చకండి. ఆ కోర్సు ఏడు యూనిట్లు, పరీక్ష మే మొదట్లో, మిగతా పిల్లలు ఆగస్టు నుంచి చదువుతున్నారు. సగం సిలబస్ దాటిపోయిన బండిని పరుగెత్తి ఎక్కడం ఎందుకు? ఈ సెమిస్టర్ వరల్డ్ జాగ్రఫీలోనే ఉండి రాయడం కుదురుకోనివ్వండి. వచ్చే ఏడాది ఏపీ వరల్డ్ హిస్టరీ తీసుకుంటే అప్పుడు ఈ కుదురుకున్న చెయ్యి పనికొస్తుంది.

మామూలు జాగ్రఫీ క్లాసులో కూడా మార్కులు పోయేది క్రియాపదాల దగ్గర. ఐడెంటిఫై, డిస్క్రైబ్, ఎక్స్‌ప్లెయిన్ అనే మూడూ మన పిల్లలకి ఒకటే, అన్నిటికీ తెలిసిందంతా పాయింట్లుగా రాసేస్తారు. ఇక్కడ మూడూ మూడు వేర్వేరు పనులు. మీ అమ్మాయికి తెలిసిన ఊరితోనే చెబుతాను. ఉద్యోగాల వల్ల రూపు మారిన ఒక నగరాన్ని ఐడెంటిఫై చెయ్యమంటే ‘హైదరాబాద్’ అని ఒక్క మాట చాలు. డిస్క్రైబ్ అంటే ఎలా మారిందో కంటికి కట్టాలి: 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక నగరం పడమటి వైపు పెరిగింది, రాళ్ళగుట్టలున్నచోట అద్దాల మేడలు లేచాయి. ఎక్స్‌ప్లెయిన్ అంటే ‘ఎందుకంటే’ అన్నమాట రావాలి: ఆఫీసులు ఒకచోట చేరితే పనిచేసేవాళ్ళు దగ్గర్లో ఇళ్ళు వెతుక్కుంటారు, వాళ్ళ జీతాలు చూసి స్కూళ్ళూ ఆస్పత్రులూ దుకాణాలూ అటే కదులుతాయి, దాంతో నేల ధర పెరిగి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు ఇంకా దూరం జరగాల్సి వస్తుంది. ‘ఎందుకంటే’ లేని ఎక్స్‌ప్లెయిన్‌కి ఎన్ని పాయింట్లు రాసినా మార్కు రాదు. ఇక్కడా అదే కథ, తాత్పర్యం, వ్యాఖ్య.

దక్షిణాసియా పాఠం వచ్చినప్పుడు క్లాసంతా మీ అమ్మాయి వైపు తిరుగుతుంది. ‘ఇండియాలో అలాగేనా?’ అని అడుగుతారు. నూట నలభై కోట్లమంది తరఫున జవాబు చెప్పే బాధ్యత తనది కాదని ముందే చెప్పి ఉంచండి. ‘మా ఇంట్లో అయితే ఇలా’ అంటే సరిపోతుంది. చెప్పాలని లేకపోతే చెప్పక్కర్లేదు కూడా.

ఇంకొక గుంట ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. టెక్సస్‌లో అమెరికా చరిత్రని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క, 1877 దాకా, ఎనిమిదో గ్రేడ్‌లో అయిపోతుంది. రెండో ముక్క, 1877 నుంచి ఇప్పటిదాకా, హైస్కూల్లో, మామూలుగా పదకొండో గ్రేడ్‌లో వస్తుంది. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో ఉంచిన కేంద్ర సైన్యాన్ని ఆ ఏడాది వెనక్కి తీసుకోవడంతో ఒక శకం ముగిసింది, అందుకే అక్కడ గీత గీశారు. తొమ్మిదిలో వచ్చిన మీ అమ్మాయికి ఆ మొదటి ముక్క అసలు తగలదు. ఎవరూ బోధించరు. కానీ పదకొండులో టీచర్ ‘13, 14, 15 రాజ్యాంగ సవరణలు మీకు తెలిసినవే’ అని దాటేస్తారు. బానిసత్వాన్ని రద్దుచేసినది (1865), పౌరసత్వాన్నీ చట్టం ముందు సమానత్వాన్నీ ఇచ్చినది (1868), జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదన్నది (1870). ఇవి తెలియకుండా 1896లో నల్లవాళ్ళని వేరు చేసినా సమానంగా చూస్తే చాలన్న తీర్పూ, 1954లో స్కూళ్ళ విషయంలో దాన్ని కొట్టేసిన తీర్పూ ఎందుకంత పెద్దవో బోధపడదు. ఆ క్లాసుకి రాష్ట్ర పరీక్ష కూడా ఉంది, హైస్కూల్ డిప్లొమా చేతికి రావాలంటే పాసవ్వాలి. వేసవిలో ఎనిమిదో గ్రేడ్ సోషల్ పుస్తకం స్కూల్లో అడిగి తెచ్చి, ఇద్దరూ కలిసి చదవండి. మీకూ పనికొస్తుంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి తగరని ఇదే దేశపు సుప్రీంకోర్టు చెప్పింది, 1946లో ఆ తలుపు కొంచెం తెరిచారు, 1965 వలస చట్టంతో బాగా తెరుచుకుంది. డల్లాస్ చుట్టూ ఇన్ని గుళ్ళూ ఇన్ని బిర్యానీ హోటళ్ళూ ఉండటానికి మూలం అక్కడుంది. ఇది తెలిసిన పిల్ల చరిత్ర క్లాసులో పరాయిదానిలా కూర్చోదు.

ఇప్పుడు ఈ రెండు వారాల్లో చెయ్యాల్సిన పనులు, గబగబా. ప్రతి క్లాసుకీ సిలబస్ అని ఒక కాగితం ఉంటుంది, ఆగస్టులో పంచేశారు కాబట్టి మీకు అంది ఉండదు, అడిగి తీసుకోండి. అందులో పెద్ద పనులకి ఎంత బరువు, రోజువారీ పనులకి ఎంత బరువు రాసి ఉంటుంది. నా క్లాసులో 60, 40. ఆలస్యమైతే ఎంత కోత, తిరిగి రాసే అవకాశం ఉందా అన్నదీ ఉంటుంది. పాసు మార్కు 70, 62 అంటే తప్పినట్టే లెక్క. చాలా స్కూళ్ళలో అలా తప్పినవాటిని ఒకసారి మళ్ళీ రాయనిస్తారు, కనీసం 70 దాకా పెంచుకోవచ్చు. అడగనివాళ్ళకి ఇవ్వరు.

స్కూల్లో కోర్సులూ క్రెడిట్లూ చూసే కౌన్సెలర్‌ని కలిసి హైదరాబాద్ మార్కుల కాగితాలు ఇచ్చి, తొమ్మిదో తరగతి మొదటి సగానికి క్రెడిట్లు రాసుకున్నారో లేదో కనుక్కోండి. ఇంగ్లీష్ వన్ ఒక క్రెడిట్, సెమిస్టర్‌కి అర. హైస్కూల్ పూర్తవడానికి ఇంగ్లీషువే నాలుగు కావాలి. ఆ అర ఇప్పుడు జారిపోతే పన్నెండులో వెతుక్కోవాల్సి వస్తుంది. హాజరు కూడా చూసుకోండి, 90 శాతం లేకపోతే మార్కులొచ్చినా క్రెడిట్ ఆగుతుంది. వచ్చే ఏడాది సంక్రాంతికి వెళ్ళి ఫిబ్రవరిలో వస్తామంటే కుదరదు.

డబ్బిచ్చి ట్యూషన్ వెతుకుతున్నారు గానీ, స్కూల్లోనే ట్యుటోరియల్స్ అని ఉంటాయి. పొద్దున స్కూలు మొదలయ్యే ముందో సాయంత్రం వదిలాకో టీచర్ తన గదిలో కూర్చుంటారు, ఎవరైనా వెళ్ళొచ్చు, ఉచితం. మనవాళ్ళు ట్యుటోరియల్ అనగానే తెలివితక్కువ పిల్లలకి పెట్టే స్పెషల్ క్లాసనుకుని పంపరు. నా గదికి వచ్చేవాళ్ళలో సగంమంది 88ని 95 చేసుకుందామని వచ్చేవాళ్ళే.

ఈమెయిల్ మీరు రాయకండి, అమ్మాయినే రాయనివ్వండి. తొమ్మిదో గ్రేడ్ నుంచి అదే ఆశిస్తాం. ‘మార్కులెందుకు తగ్గించారు?’ అన్న ప్రశ్నకి నేనైతే మర్యాదగా ఒక లైను జవాబిచ్చి ఊరుకుంటాను. ‘రూబ్రిక్‌లో ఏ వరస దగ్గర తగ్గాను, అక్కడ పై మెట్టు ఎలా ఉంటుందో చూపిస్తారా?’ అని ఎవరైనా అడిగితే పావుగంట కూర్చోబెట్టి చూపిస్తాను. రూబ్రిక్ అంటే మార్కులు ఎలా వేస్తామో గళ్ళు గీసి రాసిన పట్టిక. మనదగ్గర ఇలాంటిది దిద్దేవాళ్ళ దగ్గరే ఉండేది, ఇక్కడ రాసేవాళ్ళకి ముందే ఇస్తారు. పోర్టల్‌లో గ్రేడు రోజుకి మూడుసార్లు చూడటం కూడా మానండి. మీరు చూసిన ప్రతిసారీ అమ్మాయికి తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం భయం చెప్పే తీరాలి. మనవైపు గైడులోని వ్యాసం బట్టీపట్టి రాస్తే కష్టపడ్డాడంటారు. ఇక్కడ అదే పని దొంగతనం కిందకి వస్తుంది. నా క్లాసులో మనవాడే ఒక కుర్రాడు, బుద్ధిమంతుడు, నెట్‌లో దొరికిన ఉపోద్ఘాతం కంఠతా పట్టి పరీక్షలో రాశాడు. అక్షరం పొల్లు పోకుండా. స్కూలువాళ్ళు ఏఐ చేత రాయించాడనుకున్నారు, సున్నా పడింది, పిల్లవాడు ఏడుస్తూ నా దగ్గర కూర్చుని మొత్తం మళ్ళీ అప్పజెప్పాడు, తన సొంత కష్టమేనని రుజువు చెయ్యడానికి. ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. సున్నా మాత్రం మార్చలేకపోయాను, ఇంకో ప్రశ్న ఇచ్చి మళ్ళీ రాయించాను. రాసేదంతా గూగుల్ డాక్స్‌లో మొదటి ముక్క నుంచీ రాయమనండి. ఏ రోజు ఏ వాక్యం పుట్టిందో అందులో ఉంటుంది, ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

చదవడం బరువుగా ఉంటే, రోజుకి ఇరవై పేజీలు ఇస్తారు కాబట్టి ఉంటుంది, ఊరి లైబ్రరీ కార్డు తీసుకోండి. ఆడియో పుస్తకాలు ఫోన్‌లోకే వస్తాయి, వింటూ కళ్ళతో అనుసరిస్తే వేగం పెరుగుతుంది. పేజీ అంచున నోట్సు తెలుగులో రాసుకున్నా ఏ టీచరూ కాదనదు. నేనైతే రాయమనే చెబుతాను. ఆలోచన ముందు ఏ భాషలో వస్తే ఆ భాషలో పట్టుకోవాలి, ఇంగ్లీషులోకి తర్వాత తెచ్చుకోవచ్చు. అన్నట్టు, తెలుగులో రాయడం, మాట్లాడటం పరీక్షించి రెండో భాష క్రెడిట్ ఇచ్చే స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థలు) ఉన్నాయి. మీదాంట్లో ఉందేమో కౌన్సెలర్‌ని అదే నోటితో అడిగెయ్యండి.

రేపే ట్యుటోరియల్‌కి పంపండి. ఆ 62 పేపరూ, రూబ్రిక్ కాగితమూ తీసుకెళ్ళమనండి. ముందు ఇంట్లో ‘తా’, ‘వ్యా’ గుర్తులు పెట్టించి మరీ.